గుర్రం కొనే ముందు, గొలుసు అమ్మే ముందు

చెల్లెమ్మా,

ప్రొద్దుటూరు అమ్మాయి ఇంగ్లండ్ వచ్చి డ్రెస్సాజ్ పోటీలకు, అంటే గుర్రం చేత వరుస ప్రకారం నడకలు, మలుపులు చేయించి మార్కులు తెచ్చుకునే పోటీలకు దిగాలనుకుంటోందని నీ ఉత్తరంలో చదివి సంతోషపడ్డాను. తర్వాతి వాక్యం చదివి భయపడ్డాను. అమ్మ పెట్టిన గొలుసు అమ్మి గుర్రం కొంటానన్నావు. తరుగు దగ్గర కూడా బేరమాడే ఊరు మీది. గుర్రం దగ్గరికొచ్చేసరికి మొదటి ధరకే తలూపుతున్నావేమ్మా?

నేనూ అట్లాగే ఊపాను. మాది తాడిపత్రి. మా తాత స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆయన మనవణ్ణి, గుర్రం గురించి నాకు ఒకరు చెప్పేదేంటి అని పొగరు. ఇంగ్లండ్ వచ్చిన ఆరో ఏడు 2,800 పౌండ్లు పెట్టి ఒక ఎర్ర గుర్రాన్ని కొన్నాను. కొనే ముందు వెట్ (పశువుల డాక్టరు) చేత పూర్తి పరీక్ష చేయించుకోమని యార్డులో, అంటే గుర్రాలను అద్దెకు కట్టేసే చోట, అందరూ చెప్పారు. దానికి మూడు వందలకు పైనే అవుతుందన్నారు. పౌండును రూపాయల్లోకి మార్చి చూసే జబ్బు నాకు అప్పటికింకా తగ్గలేదు (నీకు ఏడాదేగా, మంచి జ్వరం మీద ఉంటావు). ఆ లెక్కలో మూడు వందలు నాకు చెనిక్కాయ మూటల్లా కనబడ్డాయి. మిగుల్చుకున్నాను.

ఐదో వారానికి గుర్రం ముందు కుడికాలు కుంటింది. గిట్ట లోపల పాత దెబ్బట. ఎక్స్‌రేలు, ప్రత్యేకంగా చేయించిన లాడాలు, నాలుగు నెలలు స్వారీ బంద్. బీమా వాళ్ళు ఇది మీరు కొనకముందు నుంచే ఉన్న జబ్బని చేతులు దులుపుకున్నారు. ఆ ఏడాది వైద్యం ఖర్చు గుర్రం ధరను దాటింది. మా నాయన ఫోన్లో "ఎంత పెట్టినావురా? అది ఏం దున్నుతాది?" అని అడిగాడు. పౌండ్లలో చెప్తే తెలియదులే అనుకుని చెప్పాను. ఆయన అక్కడికక్కడే రూపాయల్లోకి గుణించుకున్నాడు. తర్వాత అమ్మ మాట్లాడింది.

నిన్ను భయపెట్టేది కొనే ధర అయితే పొరపాటు. నువ్వు ఎక్కినా ఎక్కకపోయినా ప్రతి నెలా యార్డు అద్దె కట్టాలి. ఆరేడు వారాలకోసారి లాడాలు కొట్టేవాడు వస్తాడు. అయిదు వందల కిలోల గుర్రం రోజుకు పది కిలోల దాకా ఎండుగడ్డి తింటుంది. పళ్ళు అరగదీయించాలి, నులిపురుగుల మందు వేయించాలి. నీకు ఉద్యోగం పోయిందని అది ఒక పూట పస్తుండదు. నేను రెండేళ్ళు ఇండియాకు రాకపోవడానికి సెలవు దొరకలేదని ఇంట్లో చెప్పాను. నిజానికి టికెట్ డబ్బులు చిన్నోడు తిన్నాడు.

చిన్నోడు అంటే గుర్రమే. గుర్రం పాస్‌పోర్టులో వాడి పేరు మూడు మాటల ఇంగ్లీషు పేరు. నేను పిలిస్తే చెవులు ముందుకు పెట్టి, పై పెదవితో నా కోటు జేబు తడుముతాడు, క్యారెట్ ఉందేమోనని. ఒకసారి ముద్దు ఎక్కువై ఇండియన్ షాపులో ఉలవలు కొని, తాత ఉడకబెట్టినట్టే ఉడకబెట్టి డబ్బాలో తీసుకెళ్ళాను. యార్డు యజమానురాలు డబ్బా తీసుకుని మూత పెట్టేసింది. గుర్రం వాంతి చేసుకోలేదు, అలవాటు లేని తిండి ఒక్కసారిగా పెడితే కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదకు రావచ్చు అని చెప్పింది. ఆ రాత్రి గుగ్గిళ్ళు ఉల్లిపాయ వేసుకుని నేనే తిన్నాను. అన్నట్టు, నీ చాక్లెట్ కూడా దానికి పెట్టకు. అందులో ఉండే కెఫీన్ పోటీల్లో నిషేధించిన పదార్థాల జాబితాలో ఉంది.

మొదటి పోటీ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు అరీనా, చుట్టూ అక్షరాలు. 'ఎ' దగ్గర లోపలికి వచ్చి, మధ్యలో ఆగి, 'సి' దగ్గర కూర్చున్న జడ్జికి వందనం చెయ్యాలి. చిన్న స్థాయుల్లో పక్కన ఒకరు టెస్ట్, అంటే చెయ్యాల్సిన కదలికల వరుస, చదివి వినిపించవచ్చు. ఎంసెట్ రాసినవాణ్ణి, నాకెందుకని వద్దన్నాను. ట్రాట్‌లో (దుడుకు నడకలో) కుడికి తిరగాల్సిన చోట ఎడమకు తిప్పాను. తప్పు చేశావని గంట మోగింది. చిన్నోడు మాత్రం చాలా నమ్మకంగా ఎడమకే వెళ్తున్నాడు. 54 శాతం వచ్చింది. అద్దె ట్రెయిలర్, ఎంట్రీ ఫీజు, కొత్త తెల్ల ప్యాంటు కలిపి నూట డెబ్భై పౌండ్లు. అంటే శాతానికి మూడు పౌండ్లకు పైనే. ఈ లెక్క కూడా వేశాను!

మనకు 65 అంటే పిల్లాడికి ట్యూషన్ పెట్టించే మార్కు. ఇక్కడ ఒక్కో కదలికకు పదికి వేస్తారు, ఆరు వస్తే సంతృప్తికరం, ఏడు వస్తే ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటిస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అనూష్ అగర్వాలాకు గ్రాండ్ ప్రీ అనే పై స్థాయి టెస్టులో వచ్చింది 66.444 శాతం. కోల్‌కతా కుర్రాడు, పదిహేడేళ్ళకే జర్మనీ వెళ్ళి నేర్చుకున్నాడు. మన స్థాయి టెస్టులు వేరే, మన 65 ఆయన 65 కాదు, ఇంటికి ఫోన్ చేసి పోల్చుకోకు. నాకు ఇప్పుడు 64, 65 వస్తున్నాయి. చిన్నోడికి పంతొమ్మిదేళ్ళు.

టీకాలు, మైక్రోచిప్, సభ్యత్వం, వీసా షరతులు అన్నీ ఆయా వెబ్‌సైట్లలో ఉంటాయి, చదువుకున్నదానివి, చూసుకోగలవు. నేను చెప్పేది ఒక్కటే, ఈ ఏడాది కొనకు. షేర్‌కు తీసుకో. వారానికి రెండు మూడు రోజులు స్వారీ నీది, ఖర్చులో కొంత భాగం నీది, కుంటితే బిల్లు ఎవరిదో ముందే కాగితం మీద రాయించుకో. యజమాని ఒప్పుకుంటే ఆ గుర్రంతోనే పోటీకి కూడా వెళ్ళొచ్చు.

ఇంకా కొనాల్సిందే అంటే, ఆ గుర్రం అమ్మే మనిషిని మూడు ప్రశ్నలు అడుగు. చలికాలం గుర్రాన్ని ఎక్కడ కట్టేవాళ్ళు? కిందటిసారి లాడాలు ఎప్పుడు కొట్టించారు? బీమా కాగితంలో ఏ కాలును మినహాయించారు? జవాబులు రాసి పంపు, ధర సంగతి అప్పుడు మాట్లాడదాం. గొలుసు మెడలోనే ఉండనీ.