అమ్మలుకి, పీహెచ్‌డీలో చేరే ముందు

అమ్మలూ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరతానంటున్నావని చెప్పాడు. లాజిక్, కంప్యూటర్ సెక్యూరిటీ రెండూ కలిసిన చోట పని చేస్తావట. "నువ్వైనా చెప్పు అన్నయ్యా" అన్నాడు. వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను వద్దని చెప్పను. జీవితమంతా లాజిక్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, మన ఇంట్లోంచి ఇంకొకరు ఆ దారిన వెళ్తానంటే కాదనగలనా? కానీ నిద్ర మాత్రం పట్టలేదు. సంతోషమెంతో దిగులూ అంతే. అందుకే పొద్దున్నే లేచి రాస్తున్నాను.

నీకు తెలిసినవి మళ్లీ చెప్పి విసిగించను. అప్లికేషన్లు, రికమెండేషన్ లెటర్లు నువ్వే చూసుకోగలవు. సెట్ థియరీ, ఫస్ట్ ఆర్డర్ లాజిక్, ఆటోమాటా గట్టిగా చదువుకో. ప్రూఫ్‌లో ఒక్కో మెట్టునూ కంప్యూటరే సరిచూసే ఇసబెల్, లీన్, రాక్ లాంటి ప్రూఫ్ అసిస్టెంట్లలో ఏదో ఒకటి పట్టుకుని, చేతికి అలవాటయ్యేదాకా వదలకు.

ఇక్కడి నుంచి మాత్రం నిదానంగా చదువు. ఒక పాత తప్పు గురించి చెప్పాలి. 1978 నాటిది.

రోజర్ నీధమ్, మైకేల్ ష్రోడర్ అని ఇద్దరు ఉద్దండులు. నెట్‌వర్క్‌లో రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపట్టాలో ఆ ఏడాది ఒక పేపర్లో రాశారు. అందులో పబ్లిక్ కీతో, అంటే ఎవరైనా మూయగలిగినా సొంతదారు మాత్రమే తెరవగల తాళంతో, నడిచే పద్ధతికి గుండెకాయ మూడే మూడు మెసేజ్‌లు. ఆ రెండు కంప్యూటర్లనూ ఆలిస్, బాబ్ అనుకో. ఆలిస్ అప్పటికప్పుడు ఒక రాండమ్ నంబరు పుట్టించి, దానికి తన పేరు జతచేసి, బాబ్ తప్ప ఇంకెవరూ తెరవలేకుండా బాబ్ కీతో మూసి పంపుతుంది. బాబ్ తెరిచి, ఆ నంబరుతో పాటు తన సొంత నంబరొకటి పెట్టి, ఆలిస్ కీతో మూసి పంపుతాడు. ఆలిస్ బాబ్ నంబరును బాబ్ కీతో మూసి తిప్పి పంపుతుంది. ఎవరి నంబరు వాళ్లకు తిరిగొచ్చింది కాబట్టి అవతల ఉన్నది ఎవరో ఇద్దరికీ నమ్మకం కుదిరినట్టే.

1989లో బరోస్, అబాదీ, నీధమ్ కలిసి ఇలాంటి మెసేజ్ పద్ధతుల్ని, అంటే ప్రోటోకాల్స్‌ని, పరీక్షించడానికే ఒక లాజిక్ తయారుచేశారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపి దాన్ని బాన్ లాజిక్ అంటారు. ఎవరు దేన్ని నమ్ముతున్నారో ఫార్ములాలుగా రాసి, ఒక్కో మెసేజ్ అందాక ఆ నమ్మకం ఎలా పెరుగుతుందో లెక్క తీయడం అందులోని పద్ధతి. వేరే ప్రోటోకాల్స్‌లో దాంతో లోపాలు కూడా పట్టుకున్నారు. ఈ మూడు మెసేజ్‌లనూ అందులో పెట్టి చూస్తే, రావాల్సిన నమ్మకాలు వచ్చాయి. అది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. నమ్మకమనే దాన్ని కూడా లెక్క కట్టొచ్చన్నమాట అనుకున్నాను. క్లాసులో చెబుతుంటే పిల్లల మొహాలు వెలిగిపోయేవి.

1995లో గావిన్ లో అనే ఆయన ఒక చిన్న పేపర్ రాశాడు. ఆలిస్ తనంతట తానే మూడోవాడెవడితోనో మాట కలిపిందనుకో. వాడు గోడ దూకి వచ్చిన దొంగేమీ కాదు, అదే నెట్‌వర్క్‌లో అందరిలాగే కీ ఉన్న సభ్యుడు. ఆలిస్ పంపిన నంబరును వాడు తెరిచి, బాబ్ కీతో మళ్లీ మూసి, ఆలిస్ పేరు మీద బాబ్‌కి పంపుతాడు. బాబ్ జవాబు ఆలిస్ కీతో మూసి వస్తుంది కాబట్టి వాడు తెరవలేడు. తెరవక్కర్లేదు కూడా. ఉన్నదున్నట్టు ఆలిస్‌కి అందిస్తాడు. తన నంబరు కనబడేసరికి అది మూడోవాడి జవాబేనని ఆలిస్ అనుకుంటుంది. పక్కనున్న రెండో నంబరును మూడోవాడి కీతో మూసి వాడికే పంపేస్తుంది. అది బాబ్ నంబరు! వాడు దాన్ని బాబ్‌కి చేరవేశాక, బాబ్ దృష్టిలో వాడే ఆలిస్.

ఎన్‌క్రిప్షన్‌ని ఎవరూ బద్దలు కొట్టలేదు చూడు. ఒక్క కీ కూడా దొంగతనం కాలేదు. సరిచేయడానికి పట్టిందెంత? రెండో మెసేజ్‌లో బాబ్ తన పేరు కూడా రాస్తే చాలు, ఆలిస్ అక్కడికక్కడే పసిగడుతుంది. మరుసటి ఏడాది గావిన్ లో ఇదే సంగతిని, జరగగల దారులన్నీ వెతికి చూసే ఎఫ్‌డీఆర్ అనే మోడల్ చెకర్ ప్రోగ్రామ్‌తో చేయించి చూపించాడు. మూడు మెసేజ్‌లలో దాక్కున్న ఈ లోపం 17 ఏళ్లు బయటపడలేదు. మధ్యలో దాన్ని చదివినవాళ్లంతా తెలివైనవాళ్లే.

అలాగని బాన్ లాజిక్ లెక్క తప్పలేదు. పాల్గొనేవాళ్లు నిజాయితీపరులనే అనుకుంటున్నామని ఆ పేపర్ చెప్పనే చెప్పింది. చదివినవాళ్లం ఆ వాక్యం చదివి పేజీ తిప్పాం. మా ఆలోచనలో దొంగ ఎప్పుడూ బయటే ఉన్నాడు, కీ ఉన్నవాడే దొంగైతే ఏమవుతుందని అడగాలని తోచలేదు. తర్వాతెప్పుడో 2017లో వైఫైకి జరిగిందీ ఇలాంటిదే. వైఫై భద్రతకు వాడే డబ్ల్యూపీఏ2లో, పరికరం, రూటర్ మొదట కీ కుదుర్చుకునే హ్యాండ్‌షేక్‌కి అంతకు చాలా ముందే ప్రూఫ్ ఉంది. ఒకసారి వాడిన కీనే పరికరం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఏమవుతుందన్నది ఆ ప్రూఫ్ పరిధిలో లేదు. క్రాక్ అనే దాడి సరిగ్గా అక్కడి నుంచే లోపలికొచ్చింది.

అందుకని నువ్వు ఏ ప్రూఫ్ మొదలుపెట్టినా, ముందు ఒక తెల్లకాగితం తీసుకుని నువ్వు అనుకుంటున్నవన్నీ చేత్తో రాయి. కంప్యూటర్లో వద్దు, చేత్తోనే. మరీ సిల్లీగా అనిపించేవి కూడా వదలకు. ఒక్కో వాక్యం పక్కన, ఇది అబద్ధమైతే ఎవరికి లాభమో రాయి. ఆ కాగితం మీ గైడ్‌కి చూపించు, నీ సబ్జెక్టుతో సంబంధం లేని ఫ్రెండ్‌కి కూడా చూపించు. ఈ ఒక్క పని మానకు. మానితే నాకు కోపం వస్తుంది, నిజంగానే వస్తుంది.

ఇంకో దిగులు, నువ్వు రెండు గుంపుల మధ్య నిలబడతావని. లాజిక్ వాళ్లకు పంపితే, ఇందులో కొత్త థియరీ ఏముందంటారు. సెక్యూరిటీ వాళ్లకు పంపితే, నువ్వు బద్దలు కొట్టిందేమిటంటారు. ఒక్కోసారి ఒకే పేపర్‌కి రెండు రకాల రిజెక్షనూ వస్తుంది. ఈ రెంటినీ కలిపి చూసేవాళ్లకు కంప్యూటర్ సెక్యూరిటీ ఫౌండేషన్స్ అని 1988 నుంచీ ఒక సమావేశం ఉంది. మొదటి ఏడాదే అక్కడి పేపర్లు చదవడం మొదలుపెట్టు. నీ భాష మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

టైమ్ కూడా పడుతుంది తల్లీ. ఎస్‌ఈఎల్4 అనే చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2009లో దాని కోడ్ సరైనదేనన్న ప్రూఫ్ బయటికొచ్చింది. దాదాపు 8,700 లైన్ల సి కోడ్‌కి దాదాపు 2 లక్షల లైన్ల ప్రూఫ్. పక్క ల్యాబ్‌లో నీ తోటివాళ్లు ఏడాదికి రెండేసి పేపర్లు వేస్తుంటే, నువ్వు ఒక్క లెమ్మా దగ్గర, అంటే ప్రూఫ్‌లో ఒక చిన్న మెట్టు దగ్గర, నెలలు కూర్చుంటావు. అప్పుడు టెన్షన్ పడతావు, నువ్వు పడతావని నాకు తెలుసు. చిన్నప్పుడు లెక్క రాకపోతే అన్నం మానేసి మరీ కూర్చునేదానివి. అలా చేయకు. తిను, పడుకో, మర్నాడు చూడు. రాని రోజు నాకు ఫోన్ చెయ్యి. నాకు అర్థం కాకపోయినా పర్లేదు, నువ్వు చెప్పుకుంటూ పోతే సగం చిక్కు నీకే విడిపోతుంది.

ఇప్పుడు నన్ను రాత్రంతా మేలుకోబెట్టిన విషయానికి వస్తాను. నీది కాని సిస్టమ్‌ని రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. మంచి ఉద్దేశంతో కూడా వద్దు.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు, బంగారంలాంటి పిల్లాడు, పరీక్ష ఫలితాల వెబ్‌సైట్లో అడ్రస్ చివరి నంబరు మార్చి చూశాడు. వేరేవాళ్ల మార్కులు వచ్చేశాయి. నిజంగా లోపమా కాదా అని ఇంకొన్ని నంబర్లు మార్చి చూసి, వెంటనే వెళ్లి ఆఫీసులో చెప్పాడు. వాళ్లు మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. అక్కడివాళ్లు కంగారుపడి వాడి మీదే ఫిర్యాదు పెట్టారు. ఎంక్వయిరీ ముగిసి వాడి తప్పేమీ లేదని తేలేసరికి చేతికొచ్చిన సీటు పోయింది. నేను వెంట తిరిగాను, ఉత్తరాలు రాశాను. వాళ్ల అమ్మ మొహం నేను మర్చిపోలేను.

పేరున్నవాళ్లకూ తప్పలేదు. 1988లో కార్నెల్‌లో చదువుకుంటున్న రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్) అతను అనుకున్నదాని కన్నా వేగంగా పాకి ఇంటర్నెట్‌ని కుదిపేసింది. శిక్షగా మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. తర్వాత ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు, నిజమే. అందరికీ అలా రెండో అవకాశం రాదు. 2013లో కార్ల తాళాల్లో వాడే మెగామోస్ చిప్ లోపాల మీద రాసిన పేపర్‌ని ఇంగ్లండ్ కోర్టు ఆపించింది. రాసినవాళ్లు తయారీదారుకి ముందే చెప్పినా ఆగింది. అది వెలుగు చూసేసరికి 2015 వచ్చింది. వాళ్లు రెండేళ్లు ఓర్చుకోవాల్సి వచ్చింది. పీహెచ్‌డీ స్టూడెంట్‌కి రెండేళ్లంటే ఎంతో ఆలోచించు.

కాబట్టి ఎథిక్స్ కమిటీకి రాయడం, లోపం దొరికితే ఎవరికి ఎప్పుడు చెప్పాలో మీ గైడ్‌తో మాట్లాడుకోవడం ప్రయోగానికి ముందే జరగాలి. మెయిల్‌లోనే మాట్లాడు, కాపీ దాచుకో. ఇలాంటి సందర్భంలో తన స్టూడెంట్ వైపు నిలబడే గైడ్ కావాలి నీకు. ఇద్దరి మధ్య తేల్చుకోలేకపోతున్నావని నాన్న చెప్పాడు. వాళ్ల పేపర్ల లెక్క పక్కనపెట్టు. వాళ్ల దగ్గర ఇప్పుడు చదువుతున్నవాళ్లకీ, మధ్యలో మానేసినవాళ్లకీ రాయి. మానేసినవాళ్లకి తప్పకుండా రాయి. ఏదైనా తేడా వస్తే మీ సార్ ఏం చేశారని సూటిగా అడుగు. వాళ్లేమన్నారో నాకు పంపు, ఆదివారం కూర్చుని చూద్దాం. మీ నాన్నతో నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్.

ఆశీస్సులతో,
పెదనాన్న