మెరిసే తుపాకీ జోలికి పోకు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "తమ్ముడూ, వీడు తుపాకీ కొంటాడటరా, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. ఏం తుపాకీ అక్కా అంటే చెప్పలేక దాని ఫొటోలు పంపింది. చూడగానే నవ్వొచ్చింది, ఆ వెంటే గుండెల్లో రాయి పడింది. 1851 కోల్ట్ నేవీ! మొదటి బోనస్‌తో కారు మార్చే వయసులో నువ్వు నూట యాభై ఏళ్లు దాటిన రివాల్వర్ వెతుక్కుంటున్నావు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా గడియారం గంట కోసం గుమిగూడితే, నువ్వు ఆయుధాల గదిలో అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డావు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది నేనే. అప్పుడే అనుకున్నాను, వీడెప్పటికో అప్పటికి ఇలాంటి పని చేస్తాడని.

అక్కకి ఏదో సర్దిచెప్పాను. వేలం వచ్చే శనివారమేనట కదా, నీకు చెప్పాల్సినవి చెబుతాను.

అన్నిటికంటే ముందు, అది లోడ్ అయి ఉందేమో చూడు. నవ్వకు. మా చిన్నప్పుడు ఊళ్లో ఒకాయన ఆయుధ పూజకని అటక మీద నాటు తుపాకీ దించి తుడుస్తుంటే పేలింది. ఎవరు, ఎప్పుడు దట్టించి పెట్టారో ఆయనకే తెలీదు. రెండు వేళ్లు పోయాయి. ఆ వాకిట్లో వాసన నాకిప్పటికీ గుర్తే. తుపాకిమందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా చావదు. అందుకని అమ్మేవాడినే తియ్యమను. సిలిండర్ వెనక ముక్కుల్లా ఉండే నిపుల్స్ మీద, దెబ్బ తగిలితే పేలే క్యాప్‌లు లేవని చూశాక, బ్యారెల్‌ను పట్టి ఉంచే వెడ్జ్ అనే చీల తీసి, బ్యారెల్, మందు దట్టించే సిలిండర్ విడదీయమను. ఆరు గదుల్లోనూ సన్నటి కర్ర పుల్ల పెట్టి లోతు కొలువు. ఒక్క గది లోతు తగ్గినా అక్కడితో ఆపెయ్. మిగతాది తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చూసుకుంటాడు, నువ్వు గీకొద్దు. చూసేటప్పుడు హ్యామర్ ఎత్తి టకటకలాడించకు, నిపుల్స్ పాడవుతాయి. గొట్టం మొహానికి ఎదురుగా పెట్టుకోకు, ఖాళీ అని తెలిసినా సరే.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనదాన్ని అమెరికా ఫెడరల్ చట్టం పాతకాలపు వస్తువుగానే చూస్తుంది, కానీ రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి, మీ దగ్గర ఎలాగో కనుక్కో. విమానంలో తుపాకిమందు, క్యాప్‌లు ఏ బ్యాగులోనూ పెట్టనివ్వరు. ఇక దాన్ని హైదరాబాద్ తీసుకెళ్లి నాన్నగారికి చూపించాలని మాత్రం కల కనకు. కస్టమ్స్‌లో నీకోసం తిరిగే వయసు నాకు లేదు.

నంబర్లు చూడటం నీకు తెలిసే ఉంటుంది. బ్యారెల్ కింద, ఫ్రేమ్ మీద, ట్రిగ్గర్ గార్డ్ మీద, పిడి అడుగున ఉన్న పట్టీ మీద ఒకటే నంబరు ఉండాలి. సిలిండర్, వెడ్జ్ కూడా చూడు. పిడి ఊడదీయనిస్తే చెక్క లోపలి గాడిలో సిరాతో రాసిన నంబరు ఒక్కోసారి కనిపిస్తుంది. అది కలిసిందంటే ఆ రోజు నీకు మంచిరోజే. అంకెల చుట్టూ లోహం పల్లంగా ఉంటే ఎవరో పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టారని అర్థం. గోరుతో రాసి చూడు, కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ అత్తయ్యకి కూడా సగమే తెలుసు.

1994లో టెక్సస్‌లోనే ఒక గన్ షోలో నేనూ ఒక నేవీ కొన్నాను. నంబర్లన్నీ కలిశాయి. ఇనుమంతా ఎండిన నేరేడు పండు రంగులోకి తిరిగింది. ఎనిమిది పలకల బ్యారెల్ అంచులు చేతికి గుచ్చుకునేంత వాడిగా ఉన్నాయి. సిలిండర్ చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ ఉంటుందే, ఆర్మ్స్‌బీ అనే ఆయన చెక్కింది, 1843 మే 16న కంపెచే దగ్గర టెక్సస్ నౌకలు మెక్సికో నౌకలతో తలపడినది, అది పల్చగానే అయినా తెరచాపలతో సహా కనిపించేది. ఇత్తడి ట్రిగ్గర్ గార్డ్ మీద అక్కడక్కడా నల్లటి మరకలు.

నాకు అవి మకిలిగా కనిపించాయి. మా అమ్మ సంక్రాంతికి ముందు ఇత్తడి చెంబులన్నీ పెరట్లో పోసి, చింతపండు పెట్టి తళతళలాడే దాకా తోమేది. ఇత్తడి నల్లగా ఉంటే ఆ ఇంటి ఆడవాళ్లు బద్ధకస్తులని ఊరు అనుకునేది. ఆ బుద్ధే నాలో ఉండిపోయింది. ఆదివారం పొద్దున్నే కూర్చుని గార్డ్‌ను పాలిష్‌తో రుద్దాను. నల్లదంతా పోయి బంగారంలా మెరిసింది. ఆ నలుపు మకిలి కాదురా, ఫ్యాక్టరీలో వేసిన వెండి పూత! వెండి కుందులు నల్లబడతాయని తెలిసిన ఇంట్లో పుట్టి కూడా నాకు తట్టలేదు. అంతటితో ఆగానా? షాపుకి తీసుకెళ్లి బ్యారెల్, సిలిండర్ మెరుగుపెట్టే చక్రం, అదే బఫింగ్ వీల్ మీద పెట్టాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తెరచాపలు పోయాయి. తర్వాత ఇనుముకి నల్లరంగు తెప్పించే బ్లూయింగ్ మందు సీసాలో దొరికేది పూసి, కొత్త పెళ్లికూతురిలా తయారుచేశాను.

నెల తర్వాత ఒక పెద్ద డీలర్‌కి గర్వంగా చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, బ్యారెల్‌ను అరచేత్తో బాగా రుద్ది, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ మందుకి ఒక కంపు ఉంటుంది, చర్మం వేడికి లేస్తుంది. "ఎవరు చేశారిది?" అన్నాడు. "కొన్నప్పుడే ఇలా ఉంది" అన్నాను. ముప్పై ఏళ్లు దాటినా ఆ అబద్ధం నాకు గొంతులో అడ్డుపడుతూనే ఉంది. నేనిచ్చిన దాంట్లో మూడో వంతు కూడా రాదన్నాడు. డబ్బు గురించి కాదు. అంతకాలం చెక్కుచెదరకుండా వచ్చినదాన్ని నేను ఒక్క ఆదివారంలో ముగించాను.

నీ ఫొటోల్లో మూడోది చూశాక నిద్రపట్టలేదు. ఆ బ్యారెల్ నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అసలు రంగే అయితే అదృష్టం. కానీ చూసుకో. పలకల అంచులు సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయా? పైన కొట్టిన కోల్ట్ కంపెనీ అడ్రస్ అక్షరాలు ఒక చోట లోతుగా, ఇంకోచోట పల్చగా ఉన్నాయా? స్క్రూ రంధ్రాల చుట్టూ గిన్నెలా పల్లం పడిందా? తుప్పు గుంటల లోపల కూడా రంగు ఉందా? గుంటలోనూ నల్లరంగు ఉంటే తుప్పు పట్టాకే ఎవరో పూశారన్నమాట. కేటలాగ్‌లో "వెరీ గుడ్" అని రాస్తే కంగారుపడకు. అమెరికా తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏ లెక్కలో పాతకాలపు వాటికి ఆ మాట వాడితే భాగాలన్నీ అసలువని, రంగు ముప్పై శాతంలోపు మిగిలినా, అసలు లేకపోయినా పరవాలేదని. "గుడ్"లో మార్చిన చిన్న భాగాలు, కొత్తగా వేసిన రంగు కూడా ఉండొచ్చు. మధ్యలో ఒక్క మాటే, ధరలో మాత్రం బోలెడు తేడా.

ఇటలీ నకళ్లు 1950ల చివర్లోనే మొదలయ్యాయి. వాటి మీద నక్షత్రం కింద పీఎన్ అనే ముద్ర ఉంటుంది. మోసగాళ్లు దాన్ని అరగదీసి, యాసిడ్ పోసి ముసలిదాన్ని చేస్తారు. ముద్రలు ఉండే చోట లోహం సమంగా ఉందో లేదో చూడు. ఇత్తడి ఫ్రేమ్ నేవీ చూపించి "అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యానిది" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. జార్జియాలో గ్రిస్వోల్డ్ వాళ్లు చేసినవి సుమారు 3,700. నా జీవితంలో నాకు చూపించినవే అంతకంటే ఎక్కువనిపిస్తుంది.

లోపల వెలుగు వేసి గొట్టం చూడు, హ్యామర్ మెల్లగా ఎత్తి సిలిండర్ లాక్ అవుతుందో చూడు. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

కొన్నా కొనకపోయినా గురువారం సాయంత్రం మా ఇంటికి రా. నా భూతద్దం ఇస్తాను, వేలానికి పట్టుకెళ్లు, మళ్లీ తెచ్చివ్వాలి సుమా. నా నేవీ కూడా చూపిస్తాను. ట్రిగ్గర్ గార్డ్ లోపలి మూల, ఫ్రేమ్‌ను కలిసే చోట, నా గుడ్డ పీలిక వెళ్లలేకపోయింది. అక్కడ బియ్యపు గింజంత వెండి నల్లగా మిగిలి ఉంది. దాన్ని నేను ఇప్పటివరకు వేలితో కూడా తాకలేదు.

మీ మావయ్య