వేపాకు బూజులో బ్యాండ్ వచ్చింది, మందు దొరికినట్టేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వేపాకుల లోపల పెరిగే శిలీంధ్రాలను వేరుచేసి, పాలీకీటైడ్ సింథేజ్ (పాలీకీటైడ్లనే రసాయనాలను తయారుచేసే ఎంజైమ్) జన్యువుల కోసం పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచే పద్ధతి) చేశాను. నాలుగు నల్ల బూజుల్లో ఏమీ రాలేదు. ఒక బూడిదరంగు దాంట్లో ఎల్‌సీ1, ఎల్‌సీ2సీ ప్రైమర్లతో (జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 700 బేస్‌ల దగ్గర బ్యాండ్ (జెల్‌పై గీత) వచ్చింది. ఇందులో పనికొచ్చే పదార్థం ఉన్నట్టేనా?
– ఒక విద్యార్థిని, యలహంక, బెంగళూరు

జవాబు: ముందు ఆ నాలుగింటి సంగతి. జన్యువు లేదని రికార్డులో రాసేయకండి. అదే డీఎన్‌ఏతో ఐటీఎస్ (శిలీంధ్రాలన్నిటిలోనూ ఉండే డీఎన్‌ఏ భాగం) పీసీఆర్ పెట్టండి. అదీ రాకపోతే లోపం డీఎన్‌ఏలోనే ఉంది. నల్ల బూజుల్లోని మెలనిన్ అనే నల్ల రంగుపదార్థం డీఎన్‌ఏతో పాటే దిగివచ్చి, డీఎన్‌ఏ నకళ్లు తీసే పాలిమరేజ్ ఎంజైమ్‌ను పనిచెయ్యనివ్వదు. ట్యూబు అడుగున ముద్ద తెల్లగా కాకుండా టీ డికాక్షన్ రంగులో ఉందేమో చూడండి. డీఎన్‌ఏను 10 రెట్లు, 50 రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. మైక్రోలీటరుకు 0.2–0.4 మైక్రోగ్రాముల బీఎస్‌ఏ (ఇలాంటి అడ్డంకులను పట్టి ఉంచే ప్రోటీన్) కలిపితే ఇంకా మేలు. ఈసారి బూజును ద్రవ మాధ్యమంలో పెంచి, రంగు తిరగకముందే వడకట్టుకోండి. ఐటీఎస్ వచ్చి పాలీకీటైడ్ సింథేజ్ బ్యాండ్ మాత్రం రాకపోతే ప్రైమర్ అతకకపోయి ఉండొచ్చు. అనీలింగ్ (ప్రైమర్ అతికే దశ) ఉష్ణోగ్రత 55 నుంచి 50 డిగ్రీలకు దించండి, కేఎస్3, కేఎస్4సీ అనే మరో ప్రైమర్ జతతోనూ ప్రయత్నించండి.

ఇక వచ్చిన బ్యాండ్. ఎల్‌సీ1, ఎల్‌సీ2సీ జత రంగుపదార్థాలు చేసే రకం జన్యువులను చూసి రూపొందించినది. ముదురు రంగు బూజులు చాలావాటికి మెలనిన్ కోసం అలాంటి జన్యువు ఎలాగూ ఉంటుంది. మీకు దొరికింది అదే కావచ్చు, సీక్వెన్స్ చదివించనిదే సంబరపడొద్దు. పీసీఆర్ ఉత్పత్తిని నేరుగా పంపితే సీక్వెన్స్ గ్రాఫులో పీకులు ఒకదానిమీద ఒకటి పడే ప్రమాదం ఉంది. ఒకే బ్యాండ్‌లో రెండు మూడు జన్యువులు కలిసి ఉండొచ్చు కదా! బ్యాక్టీరియాలో క్లోన్ చేసి (ఒక్కో ముక్కను ఒక్కో కాలనీలోకి విడదీసి) 8–10 కాలనీలు చదివించి, ప్రోటీన్ వరుసగా మార్చి పోల్చండి. కొత్త జన్యువే అని తేలినా అది ప్లేటులో నిద్రపోతూ ఉండొచ్చు. ఉడికించిన బియ్యంపైనా, ద్రవ మాధ్యమంలోనూ పెంచి, ఇథైల్ అసిటేట్ అనే ద్రావణితో తీసిన సారాలను పక్కపక్కన పోల్చి చూడాలి.

ప్రశ్న: మొక్క లోపలి నుంచి వేరుచేసిన బూజు మొదట్లో చూపిన ప్రభావం నాలుగైదు సబ్‌కల్చర్లకే (కొత్త ప్లేటుకు మార్చి పెంచడం) తగ్గిపోయింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, తాంబరం, చెన్నై

జవాబు: ఇది తరచూ జరిగేదే. కాంప్టోథెసిన్ అనే క్యాన్సర్ నిరోధక పదార్థాన్ని చేసే, మొక్క లోపల పెరిగే ఒక ఫ్యుజేరియం శిలీంధ్రంలో స్ట్రిక్టోసిడిన్ సింథేజ్ అనే కీలకమైన ఎంజైమ్ జన్యువే లేదని, ఆ పనికి ఆతిథ్య మొక్క ఎంజైమ్‌ మీద ఆధారపడుతోందని 2011లో తేలింది. మొక్కకు దూరమయ్యాక దిగుబడి పడిపోయింది. బూజును వేరుచేసిన వారంలోనే 15–20 శాతం గ్లిజరాల్‌లో, మైనస్ 80 డిగ్రీల దగ్గర పది ట్యూబులైనా దాచండి. ప్రతి ప్రయోగానికీ కొత్త ట్యూబు తెరవండి.