క్యారవాన్‌కు సర్వీసు చేయమంటే ‘పాలసీ ఒప్పుకోదు’ అన్నప్పుడు

ప్రశ్న: మేము విశ్రాంత ఉపాధ్యాయ దంపతులం. పెద్ద వ్యానును క్యారవాన్‌గా మార్చి అమ్మిన బండిని కొనుక్కున్నాము. అందులో పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పలకలు ఉన్నాయి. శ్రీముఖలింగం చూసుకుని, ఇచ్ఛాపురం మీదుగా పూరీ వరకు వెళ్లాలని మా కోరిక. ముందుగా టైర్లు మార్పించి వీల్ అలైన్‌మెంట్ (చక్రాల వరుస సరిచేయడం) చేయిద్దామని హైవే పక్కనున్న ఒక పెద్ద టైర్ల షోరూముకు వెళితే, బండిని చూడగానే ‘ఇలాంటివి చేయడానికి మా కంపెనీ పాలసీ ఒప్పుకోదు’ అన్నారు. మరోచోట పొద్దున బండి తీసుకుని, సాయంత్రం వరకు ఉంచి, చివరికి చేయలేమన్నారు. డబ్బు ఇచ్చి చేయించుకునే వారిని ఇలా తిప్పి పంపే హక్కు వారికి ఉందా?
— ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: పని ఒప్పుకోకముందే ‘మా వల్ల కాదు’ అని చెప్పే స్వేచ్ఛ ప్రైవేటు దుకాణానికి సాధారణంగా ఉంటుంది కాబట్టి, మొదటి షోరూము మీద మీరు చట్టపరంగా చేయగలిగింది పెద్దగా లేదు. రెండో దుకాణం సంగతి వేరు. బండిని లోపలికి తీసుకుని, జాబ్ కార్డు (చేయవలసిన పని రాసే కాగితం) రాసి, ఖర్చు ఎంతవుతుందో చెప్పి, మీ చేత సరేననిపించుకున్న తరువాత ఆ పనిని శ్రద్ధగా చేయడమో, కుదరదని తేలిన వెంటనే కబురు చేయడమో వారి బాధ్యత. మీరు డబ్బు చెల్లించి ఉన్నా, చెల్లిస్తామని ఒప్పుకుని ఉన్నా, దినమంతా బండిని ఊరికే నిలబెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా వాదించవచ్చు. జాబ్ కార్డు లేకపోతే ఆ వాదన బలహీనపడుతుంది. అందుకే ఏ దుకాణంలోనైనా తాళం చెవి ఇచ్చే ముందు కాగితం చేతికి తీసుకోవాలి.

అయితే తగవుకు దిగే ముందు ఆ ‘పాలసీ’ వెనుక ఏముందో తెలుసుకోవడం మీకు ఎక్కువ పనికివస్తుంది. కార్ల కోసం పెట్టిన టైర్ల షోరూములో బండిని పైకెత్తే లిఫ్టు, అలైన్‌మెంట్ యంత్రం, షెడ్డు ఎత్తు అన్నీ కార్ల కొలతలకు అమర్చినవే. లిఫ్టు ఎంత బరువు మోయగలదో దాని పలక మీద రాసి ఉంటుంది. మీ బండి బరువు వ్యాను తయారైననాటి బరువు కాదు. 100 లీటర్ల నీళ్లంటేనే 100 కిలోలు. వంటకు నిండు సిలిండరు పెడితే అది మరో 30 కిలోల దాకా తూగుతుంది. పడకలు, అల్మరాలు, బ్యాటరీలు, ఫ్రిజ్ వీటికి అదనం. పైగా ఈ బరువు రెండు పక్కలా సమంగా ఉండదు. లిఫ్టు చేతులు ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) ఆనవలసిన చోట మురుగునీటి ట్యాంకో, పైపులో అడ్డం రావచ్చు. అటువంటి బండి లిఫ్టు మీద పక్కకు ఒరిగితే కింద పనిచేసే కుర్రవాడి ప్రాణం పోతుంది. కనుక బరువు కారణంగా కాదన్న దుకాణాన్ని ‘ఈ ఒక్కసారికి ఎత్తండి’ అని దయచేసి బతిమాలవద్దు, ఎక్కువ డబ్బు ఇస్తామని ఆశపెట్టవద్దు.

కౌంటరు దగ్గర పైకి చెప్పని కారణం ఇంకొకటి ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీలులేదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. మోటారు క్యారవాన్ల కోసం ఏ.ఐ.ఎస్. (ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్) 124 అనే ప్రమాణం విడిగా ఉంది. మీ ఆర్.సి.లో బండి రకం క్యారవాన్ అని ఉందా, పాత వ్యానుగానే ఉందా చూడండి. పాతదిగానే ఉంటే ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి ఆ సంగతి తేల్చుకోవాలి, బీమా సంస్థకు తెలియజేయాలి. ప్రమాదం జరిగితే దావా తమ మెడకు చుట్టుకుంటుందని జంకే సర్వీసు కేంద్రాల ముందు సరైన ఆర్.సి. నకలు పెడితే వారి ధోరణి చాలావరకు మారుతుంది.

ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అలాగే నీళ్లు, సామాను నింపి, మీరిద్దరూ కూర్చుని బండిని కాటా వేయించండి. మొత్తం బరువు ఒకసారి, ముందు చక్రాల మీద బరువు ఒకసారి, వెనుక చక్రాల మీద బరువు ఒకసారి తీయించి చీటీ దాచుకోండి. ఆర్.సి.లో ఉన్న గరిష్ఠ బరువును అది దాటితే సామాను తగ్గించడం తప్ప మార్గం లేదు. కొత్త టైర్లు వేసినంత మాత్రాన ఆ లోపం తీరదు. బరువు హద్దులోనే ఉంటే, దుకాణానికి వెళ్లకముందే ఫోనులో మేనేజరును అడిగి, బండి పొడవు, సోలార్ పలకలతో కలిపి ఎత్తు, కాటా చీటీలోని అంకెలు, టైరు సైజు, వెనుక చక్రాలు ఒంటివా జంటవా అన్నది చెప్పండి. బండి అడుగుభాగం ఫోటో కూడా పంపగలిగితే మంచిది. కౌంటరులోని కుర్రవాడు కాదన్న పనిని ఈ వివరాలు విన్న మేనేజరు ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోయినా మీకు డీజిలు, ఒక పూట కాలం మిగులుతాయి.

నా సలహా అడిగితే, ఈ బండిని కార్ల షోరూము చుట్టూ తిప్పడం కంటె లారీలు, మినీ బస్సులు చూసేవారి దగ్గరకు తీసుకువెళ్లడం మేలు. వారు బండిని నేల మీదే ఉంచి, బలమైన జాకీలతో ఒక్కొక్క ఇరుసునూ ఎత్తి పనిచేస్తారు. లారీలకు పేరుపడ్డ సాలూరు మనకు దగ్గరే. కమాను కట్టలు, బ్రేకులు, ఇరుసుల పనిలో చేయి తిరిగిన మేస్త్రీలు అక్కడ ఉంటారు. ఇంజను, స్టీరింగు పనులకు వ్యాను తయారుచేసిన కంపెనీవారి వాణిజ్య వాహనాల సర్వీసు కేంద్రం సరైనది. వంటగట్టు, నీటి మోటారు, లోపలి వైరింగు మాత్రం బండిని మార్చినవారే చూడాలి. వెల్డింగు పని ఉంటే గ్యాసు సిలిండరు దించి, బ్యాటరీల కనెక్షన్లు తీయించిన తరువాతే మొదలుపెట్టనివ్వండి.

లారీ టైర్ల దుకాణంలో ఒక జాగ్రత్త అవసరం. అలవాటుకొద్దీ లారీకి కొట్టినంత గాలి కొట్టేస్తారు. మీ టైరుకు, మీ కాటా బరువుకు కంపెనీ పట్టికలో చెప్పిన గాలినే పెట్టించండి. అలైన్‌మెంట్ కూడా ఖాళీ బండికి కాక, సామాను ఉన్న బండికే చేయించాలి. చక్రాల నట్లను 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూపించండి. క్యారవాన్లు ఎక్కువ కాలం ఎండలో కదలకుండా నిలబడతాయి కాబట్టి, టైరు అరగకముందే ముదిరి పగుళ్లిస్తుంది. కొనేటప్పుడు టైరు పక్కభాగం మీది నాలుగు అంకెలు చదవండి: 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైనదని.

ప్రశ్న: మా క్యారవాన్‌కు ఆన్‌లైన్‌లో టైర్లు కొన్నాను. మా ఊరి షోరూమువారు తమ దగ్గర కొననివి బిగించబోమన్నారు. ఇంకొకరు బిగించి డబ్బు తీసుకున్నారు గాని బిల్లు ఇవ్వలేదు. ఒక టైరు నుంచి గాలి దిగుతోందంటే ‘పని అయ్యాక మాకు సంబంధం లేదు’ అని రాసిన బోర్డు చూపించారు.
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మొదటివారు బయటి టైరు నాణ్యతకు తాము పూచీపడలేమని బిగించడానికి నిరాకరిస్తే దానిని అర్థం చేసుకోవచ్చు. కాని ‘టైర్లు మా దగ్గర కొంటేనే అలైన్‌మెంట్ చేస్తాము’ అంటూ ఒకదానికి ఇంకొకటి ముడిపెడితే, చట్టం చెప్పే నిర్బంధ వ్యాపార పద్ధతి కిందికి అది వచ్చే అవకాశం ఉంది.

రెండోవారిది తప్పు. చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. గోడ మీద బోర్డు తగిలించినంత మాత్రాన లోపంతో చేసిన పనికి బాధ్యత తీరిపోదు. ముందుగా వేరొక దుకాణంలో టైరును నీటిలో పెట్టి చూపించి, గాలి వాల్వు దగ్గర పోతోందా, రిమ్ము అంచు దగ్గర పోతోందా, టైరులోనే లోపమా అన్నది రాయించుకోండి; టైరులోనే అయితే మీరు అడగవలసింది ఆన్‌లైన్ అమ్మకందారును. బిగింపు లోపమైతే, డబ్బు చెల్లించినట్టు చూపే ఫోను రసీదు జతచేసి రాతపూర్వకంగా అడగండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అక్కడా తేలకపోతే విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) కొన్నాడు. అక్కడి పెద్ద దుకాణాల సర్వీసు విభాగాలు ఆయిలు మార్చడానికి కూడా ఒప్పుకోవడం లేదట. బయట చేయిస్తే వారంటీ పోతుందని వాడికి భయం.
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: అక్కడ కూడా ముఖ్యమైన అడ్డంకి బరువు, ఎత్తులే. మోటార్‌హోమ్‌ల కింద ఎక్కువగా కనిపించే ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ గరిష్ఠ బరువు 14,500 పౌండ్లు, అంటే సుమారు 6,577 కిలోలు. కార్ల కోసం కట్టిన సర్వీసు గదిలో దానికి చోటుండదు. ఛాసిస్ తయారీదారు ట్రక్కు సర్వీసు కేంద్రాలకు, హైవే పక్కనున్న ట్రక్కు మరమ్మతు షెడ్లకు ముందుగా ఫోను చేసి వెళ్లమనండి. వారంటీ విషయంలో భయం అక్కరలేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం తమ దగ్గరే సర్వీసు చేయించాలని వారంటీకి షరతు పెట్టడం సాధారణంగా చెల్లదు. అయితే ఏ తేదీన, ఎన్ని మైళ్ల దగ్గర, ఏ రకం ఆయిలు, ఏ ఫిల్టరు వేశారో తెలిపే బిల్లులన్నీ అబ్బాయిని బండిలోనే ఒక ఫైలులో ఉంచమనండి. వారంటీ కింద ఏదైనా అడిగే రోజున కంపెనీ చూసేది వాటినే.