నీళ్ళు పోయడం నేర్పడానికా అంత ఫీజు? మాంటిస్సోరి బడిలో ఉన్న నాలుగున్నరేళ్ళ బాబు సంగతి

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. బాబుకి నాలుగున్నరేళ్ళు, ఏడాదిన్నరగా మాంటిస్సోరి స్కూలుకి వెళ్తున్నాడు. సాయంత్రం ఏం చేసినావు నాన్నా అని అడిగితే "నీళ్ళు పోసినా, గుడ్డ ఉతికినా" అంటాడు. పక్కింటి పాపది అదే వయసు, వంద దాకా అంకెలు రాస్తుంది, రోజూ రెండు పేజీల హోంవర్క్ చేస్తుంది. "ఏడాదికి 55 వేలు కట్టి నీళ్ళు పోయడం నేర్పిస్తారా, ఇంట్లో బిందె లేదా" అని మా అత్తగారు. మా ఆయనేమో జూన్‌లో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూలుకి మార్చేద్దామంటున్నారు. ఇప్పటి స్కూల్లో ఐదో తరగతి దాకా ఉంది. అక్కడే ఉంచితే తర్వాత వెనకబడతాడా? రెండింటినీ పోల్చి చెప్పండి. రాత్రిపూట నేనే కూర్చోబెట్టి వర్క్‌షీట్లు రాయిస్తున్నాను, ఏడుస్తాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, అడ్మిషన్ల సీజన్ మొదలైతే ఇదే ప్రశ్న నాకు వారానికి రెండుసార్లయినా వస్తుంది. పోల్చి చెబుతాను, కానీ ముందు ఒక మాట. మీ ఉత్తరంలో పక్కింటి పాప ఉంది, అత్తగారు ఉన్నారు, మీ ఆయన ఉన్నారు, ఫీజు ఉంది. బాబు మాత్రం రెండే చోట్ల కనిపించాడు, ఒకసారి "నీళ్ళు పోసినా" అని చెబుతూ, ఇంకోసారి ఏడుస్తూ. వాడు పొద్దున బడికి ఇష్టంగా వెళ్తున్నాడా, చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడా, ఏదైనా ఒక పని మీద పది నిమిషాలు కూర్చోగలుగుతున్నాడా, వీటి గురించి ఒక్క ముక్క లేదు. వాడి చదువు మీద భయం ఎంతుందో, నలుగురికీ జవాబు చెప్పలేకపోతున్నామన్న బాధ అంతకంటే ఎక్కువుందనిపించింది నాకు. ఆ బాధ తప్పని అనను, మన ఇళ్ళల్లో కోడలి మీద పడే మాటలు నాకు తెలియనివి కావు. కానీ ఆ బాధని తీసుకెళ్ళి నాలుగున్నరేళ్ళ వాడి చేతిలో పెన్సిల్ చేసి పెడుతున్నారు, అది మాత్రం తప్పే.

ఆ నీళ్ళు పోయడం అంటే ఏమిటో నేను ఒకసారి కూర్చుని చూశాను. ఒక బడిలో మూల చిన్న పీట మీద నలభై నిమిషాలు. మూడేళ్ళ పాప అలమర నుంచి ట్రే తీసుకుంది, అందులో రెండు చిన్న గాజు జగ్గులు, ఒక స్పాంజి. రెండు చేతులతో పట్టుకుని, కింద చూసుకుంటూ బల్ల దాకా నడిచింది. ఎడమ జగ్గులోంచి కుడి జగ్గులోకి పోసి, చివరి చుక్క పడేదాకా జగ్గు వంచి పట్టుకునే ఉంది. రెండోసారి నీళ్ళు ఒలికాయి. లేచి తుడుద్దామని నేను కదిలేసరికి టీచరమ్మ కళ్ళతోనే కూర్చోమంది. ఆ పాప ఎవరి వైపూ చూడలేదు. స్పాంజి తీసి అద్దింది, పిండింది, మళ్ళీ మొదటి నుంచి. అలా ఆరుసార్లు. మణికట్టుకి అదుపు, ఎడమ నుంచి కుడికి ఒక వరస, తప్పు చేస్తే తిట్టుకి ఎదురుచూడకుండా తనే సరిచేసుకోవడం, ఇన్ని ఉన్నాయి ఆ పనిలో. పక్క చాప మీద ఇంకో పిల్లాడు చెక్క సిలిండర్లని వాటి గుంటల్లో పెడుతున్నాడు. ఆ చిన్న పిడిని పట్టుకునేది బొటనవేలు, ఇంకో రెండు వేళ్ళతో, అంటే రేపు పెన్సిల్ పట్టుకోబోయే వేళ్ళతోనే.

అక్షరాలైతే గరుకు కాగితంతో కత్తిరించి పలక మీద అంటించి ఉంటాయి, పిల్లలు వేలితో దిద్దుతూ శబ్దం పలుకుతారు. మీ అత్తగారికి ఇది చెప్పి చూడండి. వీధి బడిలో ఇసుక పోసి వేలితో ఓనమాలు దిద్దించిన రోజులు వాళ్ళ పెద్దలకి తెలుసు, అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి మనం దిద్దించేదీ వేలితోనే. చేతికి అక్షరం తెలిశాక కాగితం మీదికి రావడానికి ఎంతోకాలం పట్టదు.

లెక్కల సంగతీ అంతే. ఒక పూస అంటే ఒకటి, పది పూసల కడ్డీ పది, పది కడ్డీల చదరం వంద, పది చదరాల ఘనం వెయ్యి. వెయ్యిని పిల్లాడు రెండు చేతులతో మోసుకొస్తాడు, అది ఎంత బరువో వాడి చేతులకి తెలుస్తుంది. కూడికలో పది విడిపూసలు పోగైతే తీసుకెళ్ళి "బ్యాంకు"లో ఇచ్చి ఒక పది కడ్డీ తెచ్చుకుంటాడు. మన పిల్లలు రెండో తరగతిలో "క్యారీ ఒకటి" అని బట్టీ పట్టే ఆ ఒకటి నిజానికి పది అని ఐదేళ్ళకే చేత్తో పట్టుకుని చూసినవాడు వీడు. పక్కింటి పాప వంద దాకా రాయడం మంచిదే, ఆ పాపని తక్కువ చేయను. కానీ డెబ్బై పెద్దదా, అరవై ఏడు పెద్దదా అని ఆ పాపని ఎవరైనా అడిగారా?

ఇంకొకటి. ఈ పద్ధతిలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో ఉంటారు, మూడేళ్ళు కలిపి ఒక చక్రం. మొదటి రెండేళ్ళూ చేతులు, చూపు, మాట సిద్ధమవుతాయి, రాయడం, చదవడం, కూడికలు పైకి కనిపించేది ఎక్కువగా మూడో ఏట. మీ బాబు సరిగ్గా ఆ మూడో ఏటి ముందు నిలబడ్డాడు. రెండేళ్ళ ఫీజు కట్టి, పంట చేతికొచ్చే వేళకి చేను వదిలేసి వెళ్తామంటున్నారు మీరు. ఏళ్ళ క్రితం రేణిగుంట నుంచి వచ్చిన ఒక తండ్రికి నేనే మార్చేయమని చెప్పాను, ఆయన తొందర చూసి. ఆ పాప కొత్త బడిలో ఏడాది పాటు "మేడం, ఇప్పుడు ఏం చేయాలి" అని అడుగుతూనే ఉందట, తనంతట తాను పని ఎంచుకునే పిల్ల. ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఇప్పుడు నా అనుమానాలు చెబుతాను, మాంటిస్సోరి వైపు మాట్లాడుతున్నానని మీరు అనుకోకముందే. మరియా మాంటిస్సోరి ఒక డాక్టరు. 1907లో రోమ్‌లో ఆమె మొదటి బడి పెట్టింది శాన్ లొరెంజో అనే పేటలోని కూలీల పిల్లల కోసం. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, మన దేశంలో ఎందరో టీచర్లకి శిక్షణ ఇచ్చింది. అంటే ఇది మన పక్కనే వేళ్ళూనుకున్న చదువు. కానీ ఆ పేరు మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఆ పేరుతో ఉన్న కొన్ని బడుల్లో ఉండేది మామూలు బ్లాక్‌బోర్డు చదువే. ఒక చోట నాకు గాజు బీరువాలో పింక్ టవర్ చూపించారు, అంటే పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీరంగు చెక్క ఘనాలు. అందులో పది ఘనాలుండాలి, పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒకటి. అక్కడ తొమ్మిదే ఉన్నాయి, అన్నిటికంటే చిన్నది లేదు. అది పోయిందని ఎవరికీ తెలియదు! రోజూ పిల్లలు వాడే గదిలో అయితే ఆ చిన్నది కనబడకపోతే పొద్దున్నే గోల మొదలవుతుంది. అడ్మిషన్లకి వచ్చిన తల్లిదండ్రులకి చూపించడానికే ఆ బీరువా తెరుస్తారని అప్పుడర్థమైంది.

అందుకని మీరు ఒక పొద్దున పూట మీ బడికి వెళ్ళి కూర్చోండి. ఫోన్ బయట పెట్టి, మాట్లాడకుండా. పెద్ద పిల్లలు, చిన్న పిల్లలు ఒకే గదిలో ఉన్నారా, పొద్దున రెండు మూడు గంటలు బెల్లు మోగకుండా పని సాగుతుందా, ఒక్కో వస్తువు ఒకటే ఉండి పిల్లలు వంతు కోసం ఆగుతున్నారా, టీచరు ఒక్కొక్కరి పక్కన చాప మీద కూర్చుంటుందా, ఆమె మాంటిస్సోరి శిక్షణ ఎక్కడ తీసుకుంది, ఇవి చూడండి, అడగండి. తెలుగు అక్షరాలు గరుకు కాగితంతో ఉన్నాయా అని కూడా తప్పకుండా అడగండి. ఇంగ్లీషువి మాత్రమే ఉండి తెలుగువి లేకపోతే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి అక్కడే సగం తలుపు మూసినట్టు. కూర్చోవడానికి వీల్లేదంటే, ఎందుకో గట్టిగా అడగాల్సిందే.

మీ ఆయన చెప్పిన ఐఐటీ ఫౌండేషన్ సంగతి. తిరుపతిలోనే 2015 నుంచి ఐఐటీ ఉంది కాబట్టి ఆ ఆశ మన ఊళ్ళో ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది, నాకు అర్థమవుతుంది. కానీ ఒకటో తరగతిలో ఐఐటీకి పునాది అంటే నాకు నమ్మకం లేదు, అది ఫీజు కోసం పెట్టిన పేరు అని తల్లిదండ్రుల మొహం మీదే చెబుతుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంటర్ పిల్లలు. పదేళ్ళు ఫౌండేషన్ చదివొచ్చిన పదిహేడేళ్ళ అబ్బాయిని నీకేమిష్టం నాయనా అని అడిగితే తల తిప్పి అమ్మ వైపు చూస్తాడు, అమ్మ జవాబు చెబుతుంది. నా గదిలో నన్ను కలతపెట్టేది తక్కువ మార్కులు కావు, ఆ తల తిప్పడం. నాలుగేళ్ళకే అలమర ముందు నిలబడి ఈ రోజు ఏం చేయాలో తనే తేల్చుకుంటున్న మీ వాడికి ఆ అలవాటు ఉంది. దాన్ని మీరు పోగొడతానంటున్నారు.

ఇక పోలిక. ఆరేళ్ళ వరకు, అది నిజమైన మాంటిస్సోరి గది అయితే, కదపొద్దు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళని ఒకే పునాది దశగా, ఆటపాటల చదువుగానే చూస్తుంది, ఒకటో తరగతి ఆరేళ్ళకి అంటుంది. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లాడికి పరీక్ష పెట్టకూడదని 2009 విద్యా హక్కు చట్టం ఉంది, కాబట్టి "యూకేజీలో రాయడం రాకపోతే సీటివ్వరు" అన్న భయం పక్కన పెట్టండి.

ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా మాత్రం నేను అంత ధీమాగా చెప్పను. ఆ వయసుకి వేరే సామాను, వేరే శిక్షణ కావాలి. విశ్వం ఎలా పుట్టింది, జీవం ఎలా వచ్చింది, మనిషి రాత ఎలా కనిపెట్టాడు అని పెద్ద కథలతో మొదలుపెట్టి పిల్లలు తామే వెతుక్కుంటారు, తామే ప్లాన్ వేసుకుని బయటికి వెళ్ళి చూసొస్తారు, అలిపిరి దగ్గరున్న సైన్స్ సెంటరుకో, పోస్టాఫీసుకో. బాగా జరిగితే అంత మంచి చదువు నేను చూడలేదు. కానీ చాలా చోట్ల కిండర్‌గార్టెన్ దాకా మాంటిస్సోరి నడిపి, పైన టెక్స్ట్‌బుక్ పెట్టి పేరు మాత్రం అదే ఉంచుతారు. మీ బడిలో రెండు, మూడు తరగతుల గదిలోకి కూడా వెళ్ళి చూడండి. అక్కడ నిజంగా ఉంటే ఐదు దాకా ఉంచండి. లేకపోతే ఆరేళ్ళు నిండాక ఇంటికి దగ్గరున్న, హోంవర్క్ తక్కువున్న మామూలు బడిలో చేర్చండి. అదీ మంచి దారే, మీరు ఓడిపోయినట్టు కాదు.

మారిన పిల్లలు మొదటి టర్మ్‌లో తడబడతారు, అది దాచను. బోర్డు చూసి ఎక్కించుకోవడం, టైముకి ముగించడం, బెల్లు కొట్టగానే పని వదిలేయడం కష్టంగా ఉంటుంది, మార్కులు చూసి మీకు గుండె జారుతుంది. దసరా సెలవులయ్యాక సర్దుకోవడం నేను చాలామందిలో చూశాను. ఐదో తరగతిలో నవోదయకో, కలికిరి సైనిక్ స్కూలుకో రాయించాలనుకుంటే దానికి ఆ ఏడాది సిద్ధం చేయొచ్చు, ఇప్పుడు ఆ ఆలోచనే అనవసరం.

ఆ రాత్రి వర్క్‌షీట్లు మాత్రం ఈ రోజుతో ఆపేయండి. ఇది బతిమాలడం కాదు, కోపంగానే చెబుతున్నాను. పగలంతా తప్పుని తనే దిద్దుకోవడం నేర్చుకున్నవాడికి రాత్రి మీరు ఎర్ర పెన్ను చూపిస్తున్నారు. ఆ అరగంట చిక్కుడుకాయలు ముందు పోసుకుని ఇద్దరూ ఈనెలు తీయండి, గింజలు లెక్కపెట్టించండి, పడుకునేముందు ఒక కథ చెప్పండి.

అత్తగారికి మీరేమీ జవాబు చెప్పొద్దు. రేపు భోజనాల దగ్గర వాడి చేతికి చెంబు ఇచ్చి "జేజికి నీళ్ళు పొయ్యి నాయనా" అనండి. ఒలికితే మీరు లేవకండి, గుడ్డ ఎక్కడుందో వాడికి తెలుసు.