రోమ్‌లో దొంగతనం క్రిమినల్ కేసు కాదా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రాచీన రోమ్‌లో దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడే దావా వేసుకోవాలని క్లాసులో చెప్పారు. మరి క్రిమినల్ న్యాయానికి మూలాలు రోమన్ చట్టంలోనే ఉన్నాయని ఎలా అంటారండీ?

జవాబు: మీ క్లాసులో చెప్పింది తొలి కాలానికి నిజమే. క్రీ.పూ. 451-450 నాటి పన్నెండు ఫలకాల చట్టం దొంగతనాన్నీ దెబ్బలాటనూ ఇరుపక్షాల మధ్య తగవుగానే చూసింది. స్వతంత్రుడి ఎముక విరగ్గొడితే 300 ఆస్‌లు, బానిసదైతే 150, చిన్నపాటి దౌర్జన్యానికి 25. ఆస్ అంటే వాళ్ల కంచు డబ్బు. దాని విలువ పడిపోయాక లూసియస్ వెరాటియస్ అనే పెద్దమనిషి సరదాకి దారినపోయేవాళ్ల చెంప పగలగొట్టి, వెనకే సంచితో వచ్చే బానిస చేత అక్కడికక్కడే 25 ఆస్‌లు ఇప్పించేవాడని రోమన్ రచయిత ఔలస్ గెల్లియస్ రాశాడు. జరిమానాను చట్టంలో అంకెగా బిగించేస్తే ఇలాగే ఉంటుంది! చివరికి ప్రేటర్లనే న్యాయాధికారులు, దెబ్బను బట్టి సొమ్ము నిర్ణయించే పద్ధతి తెచ్చారు.

ప్రైవేటు తగవు కదా అని తేలిగ్గా తీసుకోకండి. చోరీ చేస్తూ దొరికిన స్వతంత్రుణ్ణి కొరడాలతో కొట్టి సొమ్ము పోయినవాడికి అప్పగించేవారు. బానిసనైతే రోమ్‌లోని టార్పియన్ కొండ మీంచి తోసేసేవారు. తర్వాత ప్రేటర్లు ఈ శిక్షను, పోయిన సొమ్ముకు నాలుగు రెట్లు కట్టడంగా మార్చారు.

ఇక మీరడిగిన మూలం. రాజద్రోహం లాంటివి ముందునుంచీ ప్రజల ఎదుట విచారించేవారు. మొదటి శాశ్వత కోర్టు మాత్రం క్రీ.పూ. 149లో కల్పూర్నియస్ చట్టంతో వచ్చింది. అదీ దొంగల కోసమో హంతకుల కోసమో కాదు, పాలిత ప్రాంతాల్లో జనం దగ్గర డబ్బు గుంజిన గవర్నర్ల కోసం! నియంత సుల్లా హయాంలో, క్రీ.పూ. 81 ప్రాంతంలో, హత్యకూ ఫోర్జరీకీ కూడా ఇలాంటి కోర్టులు స్థిరపడ్డాయి. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

అప్పటికీ పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేడు. పౌరుడే ముందుకొచ్చి నేరం మోపాలి. క్రీ.పూ. 70లో సిసిలీ మాజీ గవర్నర్ వెర్రెస్‌పై ప్రముఖ వక్త సిసిరో కేసు నడిపింది అలాగే. కావాలని తప్పుడు కేసు పెడితే పెట్టినవాడికే శిక్ష.

చక్రవర్తుల కాలంలో అధికారులే నేరుగా విచారణ చేపట్టారు. అనుమానం మీద ఎవరినీ శిక్షించకూడదని, నిర్దోషిని శిక్షించడం కన్నా దోషిని వదిలేయడమే మేలని ట్రాజన్ చక్రవర్తి ఆదేశించినట్టు ఉల్పియన్ నమోదు చేశాడు. క్రీ.శ. 3వ శతాబ్దపు ఆ న్యాయవేత్తే, తన కాలంలో దొంగతనం కేసులు ఎక్కువగా క్రిమినల్ పద్ధతిలోనే నడుస్తున్నాయని కూడా రాశాడు. పాత దావా మార్గమూ మూతపడలేదు. కాబట్టి పరీక్షలో ఏ కాలం గురించి రాస్తున్నారో ముందే చెప్పండి.