కొత్త డబుల్ బ్యారెల్ మీద గీతలు, సొట్టలు: ఏది వదిలేయాలి, ఏది వదలకూడదు

పొలం కాపలా లైసెన్సు మీద కొత్తగా తీసుకున్న 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీకి, భుజానికి ఆనించే చెక్క బట్టు మీద సొట్ట, బ్యారెల్ మీద సన్నటి గీతలు కనిపించాయని, షాపుకి తిరిగివ్వాలా, పాలిష్ చేయించాలా అని అడిగారు. పాలిష్ వద్దు. ఎవరెంత చెప్పినా వద్దు.

తిరిగివ్వడం సంగతి మీ లైసెన్సు పుస్తకంలో తుపాకీ నంబరు ఎక్కిందా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఎక్కకముందైతే షాపువాడి దగ్గర ఇంకోటి అడిగి తీసుకోవచ్చు. ఎక్కాక నంబరు మార్చాలంటే మళ్లీ ఆఫీసుల మెట్లెక్కాలి. చెక్క మీద సొట్ట కోసం అంత తిరుగుడు అక్కర్లేదు. అసలు షాపుల్లో గ్రీజు తుడవకుండా, ట్యూబ్‌లైట్ కింద చూపించి అమ్మేయడమేంటో నాకు ఒళ్లు మండుతుంది. గ్రీజు కింద ఏముందో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? గుడ్డ అడిగి తుడవండి, బయట ఎండలోకి తెచ్చి చూడండి. డబ్బు ఇచ్చేది మనం.

సొట్ట విషయంలో మా మామయ్య తుపాకీ గురించి చెప్తాను. పలమనేరు వైపు వాళ్ల పల్లె. వేరుశనగ మీద అడవిపందుల బెడద. కొత్త తుపాకీ ఇంటికి తెచ్చి చూస్తే బట్టు కుడివైపున బొటనవేలు పట్టేంత సొట్ట. దారిలో ఎక్కడో దేనికో తగిలుంటుంది. మామయ్య అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఊళ్లో వడ్రంగిని పిలిస్తే, లప్పం పెట్టి, సాండ్ పేపర్ కొట్టి, వార్నిష్ వేస్తే తళతళలాడుతుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. సొట్ట అంటే చెక్క పోవడం కాదు, చెక్క పీచు అణిగిపోవడం. అణిగింది లేస్తుంది. సాండ్ పేపర్‌తో చుట్టూ అరగదీస్తే మాత్రం ఆ చెక్క మళ్లీ రాదు, ఇనుము ఎత్తుగా, చెక్క పల్లంగా మిగిలిపోతుంది.

తూటాలు లేవని ముందు మామయ్య చూశాడు, తర్వాత నేనూ చూశాను. బ్యారెల్ విప్పి పక్కన పెట్టి, బట్టు భాగం ఒక్కటే దుప్పటి పరిచిన బల్ల మీద పెట్టాం. అత్తయ్య పాత పంచె ముక్క తడిపి, పిండి ఇచ్చింది. దాన్ని సొట్ట మీద పరిచి, ఇస్త్రీపెట్టె మొనని దాని మీద తాకించి తీశాను. చుయ్యిమని ఆవిరి లేచింది. గుడ్డ ఆరగానే మళ్లీ తడపడం, మళ్లీ తాకించడం. వడ్రంగి చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నాడు. నాలుగైదుసార్లయ్యేసరికి చెక్క పైకి వచ్చేసింది, వేలితో తడిమితే ఎక్కడుందో దొరకలేదు. మధ్యలో వెంట్రుకంత గీత ఒకటి మిగిలింది. అక్కడ పీచు తెగింది, తెగినదాన్ని ఆవిరి అతికించదు. రాత్రంతా ఆరనిచ్చి, రెండు చుక్కల అవిసె నూనె అరచేత్తో రుద్దితే ఆ గీత కూడా చెక్క రంగులో కలిసిపోయింది. ఇది నూనె పట్టించిన చెక్కకే పనిచేస్తుంది. మీ బట్టు మీద మందంగా వార్నిష్ ఉంటే ఆవిరి లోపలికి పోదు, వార్నిష్ తెల్లబడుతుంది. అలాంటి సొట్టని వదిలేయండి.

బ్యారెల్ గీతల సంగతి వేరు. ఆ నల్లరంగు పెయింటు కాదు, ఇనుము మీద కావాలని పుట్టించిన నల్లటి ఆక్సైడు పొర. గీత పడినచోట వట్టి ఇనుము బయటపడుతుంది, చేతి చెమట తగిలితే తుప్పు అక్కడే మొదలవుతుంది. పలచగా నూనె రాసి ఉంచితే చాలు. మొత్తం మళ్లీ బ్లూయింగ్ చేస్తాం, అంటే ఆ నల్లపొర కొత్తగా పట్టిస్తాం అనేవాళ్లకి డబుల్ బ్యారెల్ ఇవ్వకండి. రెండు గొట్టాలనీ, వాటి మధ్య పొడవునా ఉండే ఇనుప పట్టీ రిబ్బునీ సాధారణంగా తగరం, సీసం కలిసిన టంకంతో అతికిస్తారు. వేడి బ్లూయింగ్ తొట్టిలో కాస్టిక్ సోడా 140 డిగ్రీల దాకా మరుగుతుంది, ఆ టంకాన్ని తినేస్తుంది. రిబ్బు కింద చిక్కుకున్న ఆ తొట్టి ఉప్పు తర్వాత లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. గీత పోగొట్టబోయి తుపాకీనే పోగొట్టుకుంటారు.

ఇక అందం లెక్కలోకి రానివి. బ్యారెల్‌కి సొట్ట ఉంటే, ఎంత చిన్నదైనా, ఒక్క తూటా కూడా పేల్చకండి. గొట్టం గోడ ముందుకు పోయేకొద్దీ పలచనవుతుంది, చాలా తుపాకుల్లో దాని మందం దాదాపు ఒక మిల్లీమీటరే ఉంటుంది. బ్యారెల్ విప్పి, తెల్లగోడ వైపు పెట్టి లోపలికి చూడండి. వెలుగు వలయాలు గుండ్రంగా ఉండాలి. ఎక్కడైనా వంకర పోతే తుపాకీ మిస్త్రీకి చూపించాల్సిందే, షాపువాడితో గట్టిగా మాట్లాడాల్సిందే. బట్టు ఇనుములోకి దిగేచోట చెక్క పగులు ఉన్నా అంతే. తుపాకీ తెరవడానికి తిప్పే పై లివర్ నడిమధ్యకి రాకుండా కాస్త కుడికి ఆగిందని కొందరు కంగారుపడతారు. కొత్త తుపాకీలో అలాగే ఉండాలి. అరిగేకొద్దీ మధ్యకి వస్తుంది.

ఒక మాట మీరు అడగకపోయినా చెప్తాను. మామయ్య అంత శ్రద్ధగా చూసుకున్న తుపాకీ ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తే, తిరిగొచ్చేసరికి బ్యారెల్ పొడవునా తుప్పు చుక్కలు. ఫోమ్ ఉన్న రెక్సిన్ కవర్‌లోనే ఉంచేశారు, అది తేమని పట్టి ఉంచుతుంది. పంట కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న రైతు వస్తువుని అలా చూడటం అన్యాయం. అందుకే డిపాజిట్‌కి ముందు నూనె బాగా పట్టించి, అన్ని వైపులా ఫొటోలు తీసి, ఇప్పుడున్న గీతలు రసీదు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడే నిలబడి మర్యాదగా మళ్లీ అడగండి. రెక్సిన్ కవర్ ఇంటి దగ్గరే వదిలేసి, నూనె గుడ్డ చుట్టి ఇవ్వండి.